విప్పగలిగిన బండి

మా ఇంట్లో నాకంటే వయసులో పెద్దదైన సైకిల్ ఒకటి ఉంది. నాన్నకు ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నది. ఆయన తొక్కారు, తర్వాత నేనూ తమ్ముడూ వంతులు వేసుకుని తొక్కాం, ఇప్పుడు నా కొడుకు తొక్కుతున్నాడు. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, వెనక బరువైన క్యారియర్. అంతా కలిపి సుమారు 20 కిలోలు. మెట్లెక్కించాలంటే నడుం పట్టేస్తుంది.

దాన్ని చూసిన పెద్దవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు: "అప్పటి ఇనుము వేరండీ, ఇప్పటి వస్తువులు అలా ఎక్కడ మన్నుతాయి!" మర్యాదకు తల ఊపుతాను గానీ ఆ మాట నాకు మింగుడుపడదు. ఆ ఇనుము గొప్పతనం ఏపాటిదో విప్పి చూసినదాన్ని నేను. అది అరుగుతుంది, తుప్పు పడుతుంది, వంగుతుంది. ఫ్రేము, హ్యాండిల్, ముందు ఫోర్కు తప్ప అందులో అప్పటివి పెద్దగా మిగలలేదు. ఇన్నేళ్లు నడిచిందంటే అరగక కాదు. అరిగిన ముక్క ఏదో తెలుసుకుని, దాన్ని మాత్రమే విప్పి మార్చే వీలు ఉండబట్టి.

ఆ తెలుసుకోవడం నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మెకానిక్ కాదు, ఆఫీసులో లెక్కలు రాసేవారు. ఆ అలవాటే సైకిల్ దగ్గరా. "ఏదో చప్పుడు వస్తోంది నాన్నా" అంటే పానా తీసేవారు కాదు. "ఎన్ని తిప్పులకు ఒకసారి వస్తోందో లెక్కపెట్టి చెప్పమ్మా" అని మళ్లీ రోడ్డు మీదకు పంపేవారు. అప్పట్లో విసుగొచ్చేది. కానీ ఆ లెక్క ఎంత పనికొచ్చేదో చూడండి. పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, కాలు సరిగ్గా అదే చోటికి వచ్చినప్పుడు టక్కుమంటే తప్పు పెడల్‌లోనో దాన్ని మోసే క్రాంక్‌లోనో రెండు క్రాంకులనూ కలిపే బీబీ (బాటమ్ బ్రాకెట్) యాక్సిల్‌లోనో ఉన్నట్టు. చక్రం చుట్టుకొకసారి వస్తే చక్రంలో: విరిగిన స్పోకో, వంగిన రిమ్మో, టైరులో దిగిన ముల్లో. పెడల్‌తోనూ కలవక, చక్రంతోనూ కలవక, పెడల్ సుమారు రెండున్నర తిప్పులకోసారి వస్తుంటే అది చైను. ఏదో ఒక లింకు బిగుసుకుపోయి, తన వంతు వచ్చినప్పుడల్లా పళ్ల మీద ఎగిరిపడుతుంటుంది. తొక్కడం ఆపి బండిని ఊరికే సాగనిచ్చినా చప్పుడు ఆగకపోతే చైను వైపు చూడనక్కర్లేదు, చక్రాలే చూసుకోవాలి. ఇంత వివరం తెలిశాకగానీ పానాల సంచి బయటికి వచ్చేది కాదు.

ఈ టక్కుమనే చప్పుళ్లలో మమ్మల్ని ఎక్కువ వేధించింది కాటర్ పిన్ను. ఇప్పటి కొత్త రకం సైకిళ్లలో ఇది పెద్దగా కనిపించదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పెడల్‌ను మోసే క్రాంక్‌కూ మధ్యలో తిరిగే యాక్సిల్‌కూ ఉన్న బంధమంతా ఈ చిన్న ఉక్కు ముక్క మీదే ఆధారపడి ఉంటుంది. గుండ్రటి పిన్ను, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది, సన్నటి కొసన మర, దానికి నట్టు. ఆ ఏటవాలు భాగం యాక్సిల్ మీది గాడిని నొక్కిపట్టి, చీలలా బిగుసుకుంటుంది. ఆ వాలు కాస్త తేడాగా ఉన్నా రెండు మూడు రోజుల్లో పిన్ను నలిగి, క్రాంక్ వదులై, తొక్కుతున్నప్పుడు కాలి కింద చిన్న జారుడు తెలుస్తుంది. కొత్త పిన్ను తెచ్చినప్పుడల్లా నాన్న దానికి సుద్ద పూసి ఒకసారి దిగేసి, బయటికి తీసి, సుద్ద ఎక్కడ చెరిగిందో చూసి, అక్కడ ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దేవారు. మళ్లీ సుద్ద, మళ్లీ దిగేయడం. చెరిగిన గుర్తు ఆ ముఖం నిండా సమంగా వచ్చేదాకా అదే పని.

దాన్ని బిగించడంలోనూ కిటుకు ఉంది. నట్టు తిప్పితే పిన్ను దిగుతుందనుకుంటాం. దిగదు, మర తెగుతుంది. సుత్తితో కొట్టి దిగేయాలి, నట్టు దాన్ని వెనక్కి రాకుండా చూస్తుందంతే. ఆ కొట్టేటప్పుడు క్రాంక్ కింద ఒక ఇనుప గొట్టం ఆనించాలి, లేకపోతే దెబ్బంతా లోపలి బాల్స్ మీద పడి, అవి తిరిగే కప్పులో గుంటలు పడతాయి. గొట్టం పట్టుకోవడం అమ్మ పని, సుత్తి నాన్నది. "చెయ్యి చూసుకో" అని ఆయన, "మీరు సుత్తి చూసుకోండి" అని అమ్మ. ఇంకో సంగతి: కుడి పిన్నూ ఎడమ పిన్నూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో దిగాలి. రెండూ ఒకే వైపు నుంచి దిగితే పెడళ్లు ఒకే గీత మీద ఉండవు, తొక్కేవాడికి కుంటుతున్నట్టు ఉంటుంది.

తిరగమరల సంగతీ అలాంటిదే. సైకిల్ మీద కొన్ని మరలు మామూలు దిశకు తిరగవు. ఎడమ పెడల్‌ది తిరగమర. మామూలు మరే అయితే తొక్కుతుంటే తనంతట తానే ఊడివస్తుంది. కుడి పక్క బీబీ కప్పూ అంతే, వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీల్, దాని మూతా అంతే. ఇవి తెలియని వాళ్లు బలమంతా పెట్టి విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగిస్తారు, చివరికి గాట్లు విరగ్గొడతారు. మా బండి ఎడమ పెడల్ మీద నాన్న మేకుతో ఒక చిన్న బాణం గుర్తు గీశారు. పెడల్ మారినప్పుడల్లా కొత్తదాని మీదా గీస్తారు. తనకు తెలుసు, నాకు తెలుసు, అయినా గీస్తారు.

వానాకాలం పోయాక ఒకసారి చక్రాలు పూర్తిగా విప్పేవాళ్లం. ఆ పనంటే నాకు ఇప్పటికీ ఇష్టం. పాత పేపర్లు పరిచి, చక్రాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఇరుసు మీద బాల్స్‌ను నొక్కి ఉంచే కోను వదులు చేస్తే నల్లటి గ్రీజులోంచి బాల్స్ ఒక్కొక్కటే రాలి పేపరు మీద దొర్లేవి. ముందు చక్రంలో పక్కకు పది, వెనక చక్రంలో పక్కకు తొమ్మిది. వెనకవి కాస్త పెద్దవి, పావు అంగుళం. వాటిని ఏరి, కిరోసిన్‌లో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి వెలుతురులో చూడాలి. మెరుపు తగ్గి మసకబారినవి ఒకటి రెండు కనిపించినా నాన్న మొత్తం మార్చేసేవారు. పొదుపరి మనిషి ఇందులో మాత్రం ఎందుకింత ఉదారంగా ఉంటారా అనుకునేదాన్ని. కారణం ఉంది. అరిగిన బాల్స్ మధ్య కొత్తది ఒక్కటి వేస్తే అది వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది, బరువంతా దాని మీదే పడుతుంది, అది తనతో పాటు కోనునూ పాడుచేస్తుంది. కోను మీద వేలు తిప్పితే గోటికి తగిలే గుంట ఉన్నా అంతే, కోను మార్చాల్సిందే. ఆ కోను చెడిపోవడానికే ఉంది, చక్రం నడిమి భాగమైన హబ్బు బతకడానికి.

తిరిగి బిగించాక ఒక పరీక్ష ఉండేది. చక్రాన్ని ఫోర్కులో పెట్టి, గాలి కొట్టే వాల్వ్‌ను పక్కకు తెచ్చి వదిలేయాలి. తోయకూడదు. ఆ వాల్వ్ బరువు ఎంతని, కొన్ని గ్రాములు! కోను బిగువు సరిగ్గా ఉంటే ఆ కాస్త బరువుకే చక్రం దానంతట అది కదిలి, వాల్వ్ కిందికి వచ్చి, అటుకాస్త ఇటుకాస్త ఉయ్యాలలా ఊగి నిలబడుతుంది. బిగువు ఎక్కువైతే కదలదు. వదులైతే కదులుతుంది గానీ రిమ్ము పట్టుకుని అటూ ఇటూ లాగితే ఇరుసు దగ్గర కటకటమంటుంది. ఆ రెండింటి మధ్య పానా కదలిక పావు చుట్టు కూడా ఉండదు. ఆ పావు చుట్టులో సరైన చోటు పట్టుకోవడానికి కొన్నిసార్లు సాయంత్రమంతా పట్టేది. ఇప్పటి బండ్లలో చాలావాటికి బేరింగు ఒక మూసిన డబ్బా. చెడిపోతే తీసిపారేసి కొత్తది దిగేయడమే. అది తప్పని నేనను, పని తొందరగా అవుతుంది. కానీ ఆ డబ్బా లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు, తెలుసుకునే అవసరమూ ఉండదు. నాకది వెలితిగానే ఉంటుంది.

వెనక చక్రానికి 40 స్పోకులు, ముందు దానికి 32. చిన్నప్పుడు లెక్కపెట్టి నాన్నను అడిగితే "నువ్వు క్యారియర్ మీద కూర్చుంటావు కదా, అందుకు" అన్నారు. వేళాకోళంగా అన్నా నిజమే, బరువులో ఎక్కువ భాగం వెనక చక్రానిదే. చక్రం వంకర తీయడానికి ఆయన వాడింది ఒక సుద్దముక్క. దాన్ని ఫోర్కుకు ఆనించి చక్రం తిప్పితే రిమ్ము ఎక్కడ పక్కకు వస్తోందో అక్కడ గీత పడుతుంది. అక్కడ అవతలి పక్క స్పోకును కాస్త బిగించి, ఇవతలిదాన్ని అంతే వదులు చేయడం. పావు చుట్టు మించి తిప్పనిచ్చేవారు కాదు. చివర్లో స్పోకులన్నిటినీ వేలితో మీటుతూ పోయేవారు, ఒకటి బొంగురుగా పలికితే అది వదులుగా ఉన్నట్టు.

రాత్రిపూట అమ్మను ఎక్కించుకుని వచ్చేటప్పుడు డైనమో దీపం వెలిగేది. సీసా ఆకారంలో ఉండే ఆ డైనమో తల టైరు పక్కకు రాసుకుంటూ తిరుగుతుంది, 6 వోల్టులు, 3 వాట్లు, అంతే. బండి ఆగితే దీపం ఆరిపోతుంది. అంటే వెలుగు ఎక్కువ కావలసిన మలుపు దగ్గరే చీకటి. అది చాలా రోజులు మొరాయించింది. బల్బు మార్చాం, వైరు మార్చాం, లాభం లేదు. తీరా కారణం ఏమిటంటే, దానికి ఉన్నది ఒక్క వైరే. కరెంటు తిరిగివచ్చే దారి సైకిల్ ఫ్రేమే. బిగింపు పట్టీ కింద రంగు, తుప్పు పేరుకుని ఆ దారి మూసుకుపోయింది. గరుకు కాగితంతో కాసింత రంగు గీకేసరికి దీపం వెలిగింది. సైకిల్ ఇనుమంతా ఒక తీగగా పనిచేస్తోందని తెలిసి తమ్ముడు హ్యాండిల్ ముట్టుకోవడానికి కొన్నాళ్లు భయపడ్డాడు.

నూనె విషయంలో మాత్రం ఇంట్లో రెండు పార్టీలు. ఎక్కువ పోస్తే మంచిదని తమ్ముడు; ఎక్కువ పోస్తే దుమ్ము అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుందని నాన్న. నాన్న మాటే నిజం. చైను పైన పోసింది తుడిచేయాలి, లోపలికి ఇంకిందే పనిచేస్తుంది. ఫ్రీవీల్‌లో గ్రీజు అసలు పెట్టకూడదు. లోపల చిన్న కొక్కేలు వెంట్రుకంత సన్నటి స్ప్రింగుల మీద లేస్తూ పడుతూ ఉంటాయి, ఆ టిక్‌టిక్ అదే. గ్రీజు చిక్కబడితే అవి లేవలేవు, పెడల్ ఉత్తినే తిరుగుతుంది, బండి కదలదు. పలచటి నూనె రెండు చుక్కలు చాలు.

చైను సాగుతుంది అంటారు గానీ ఇనుము సాగదు; లింకుల్లోని పిన్నులు అరిగి ఒక్కో కీలు దగ్గర ఇంతింత వదులొచ్చి మొత్తం పొడవు పెరుగుతుంది. కొలవడానికి స్కేలు చాలు. ప్రతి లింకు అర అంగుళం, 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. ఆ 12 కాస్తా 12 మీద అంగుళంలో ఎనిమిదో వంతు అయిందంటే చైను పని అయిపోయినట్టే. ఇంకా లాగితే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం, చైన్‌వీల్, దాని పళ్లను కొక్కేల్లా వంచేస్తుంది, అప్పుడు ఖర్చు రెండింతలు. చైను రెండు కొసలనూ కలిపే క్లిప్పు, చైన్ లాక్, పెట్టేటప్పుడు దాని మూసి ఉన్న కొస చైను నడిచే వైపు ఉండాలని నాన్న ఎన్నిసార్లు చెప్పారో.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇప్పుడు కొన్న చైను కూడా ఆ పళ్ల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఎందుకలా అని వెతికితే కథ చాలా వెనక్కి వెళ్లింది. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైను తయారుచేశాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ, మనిషి ఎత్తు ముందు చక్రాన్ని తీసేసి, దాదాపు సమానమైన రెండు చక్రాలతో, వెనక చక్రాన్ని చైనుతో తిప్పే రోవర్ సైకిల్ తెచ్చాడు. స్పోకులను ఏటవాలుగా అల్లే పద్ధతికి అదే ఇంటివాడైన జేమ్స్ స్టార్లీ 1874లోనే పేటెంటు తీసుకున్నాడు. గాలి టైరు 1888లో వచ్చింది, బెల్‌ఫాస్ట్‌లో ఉన్న పశువైద్యుడు డన్లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం చేసినది. (అంతకు నలభై ఏళ్ల ముందే థామ్సన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు, అప్పుడు దాన్ని తగిలించుకునే సైకిల్ లేదు పాపం.) అంతే, పదిహేనేళ్లలో ముఖ్యమైనవన్నీ సమకూరాయి. ఇంగ్లండ్ రోడ్‌స్టర్ సైకిళ్లు, చైనాలో తియాన్‌జిన్ నుంచి 1950లో మొదలై కోట్లలో తయారైన ఫ్లయింగ్ పిజన్ సైకిళ్లు, మా నాన్న సైకిల్, అన్నిటికీ ఒకటే పోలిక. ఒకే కొలతలను అన్నేళ్లు మార్చకుండా ఉంచిన పుణ్యం ఎవరిదోగానీ, నా బండి బతికింది అందువల్లే. ఫ్రేము ఎంత గట్టిదైనా సరిపోయే టైరు దొరకని రోజున అది గోడకు ఆనించుకునే వస్తువే.

టైర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గాలి లేకుండా నిలబెట్టకూడదు, టైరు పక్కలు పగులుతాయి. వాల్వ్ లోపలి చిన్న రబ్బరు గొట్టం ఏడాదికోసారి మారిస్తే సగం పంక్చర్లు "తగ్గుతాయి", ఎందుకంటే అవి పంక్చర్లే కావు. పంక్చర్ వేసేటప్పుడు సొల్యూషన్ పూసిన వెంటనే ప్యాచ్ అంటించకూడదు, తడి ఆరి వేలికి అంటనంత వరకు ఆగాలి. ఈ ఆగడం ఒక్కటే అందులో కష్టం.

మామయ్య ఒకసారి దీన్ని అమ్మేసి గేర్ల సైకిల్ కొనుక్కోమన్నాడు. ఇంకొకాయన ఎవరో హోటల్ గోడకు వేలాడదీయడానికి అడిగారు, రంగు వేయొద్దు, తుప్పుతోనే కావాలి అన్నారు. నాన్నకు కోపం వచ్చింది. తుప్పు కావాలని అడిగే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు.

కొత్తవాటి కంటే ఇది మేలని నేను వాదించను. ఉక్కు రిమ్ము మీద వాన పడితే ఈ కడ్డీ బ్రేకులు దాదాపు పట్టవు. తడి రోడ్డు మీద ఆగాలనుకున్న చోటికి ఎంతో ముందే బ్రేకు వేసి, రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోయేదాకా పట్టి ఉంచాలి. నా కొడుక్కి దీని మీదే ఫిర్యాదు, అది న్యాయమైన ఫిర్యాదే. అందుకని వాన పడే రోజుల్లో వాడు దాన్ని తీయడు, నేనూ తీయనివ్వను.

ఈమధ్య ఎడమ క్రాంక్‌లో పిన్ను దూరే బెజ్జమే అరిగి కోలగా తయారైంది. ఇంత కాలం పిన్నులే అరుగుతూ వచ్చాయి, చివరికి క్రాంక్ వంతు వచ్చింది. కొత్త పిన్ను ఎంత రుద్ది దిగేసినా వారం నిలవడం లేదు. అదే కొలత క్రాంక్ కోసం చాలా రోజులు వెతికాం, మొన్న దొరికింది. పొడవు సరిపోయింది, బెజ్జం సరిపోయింది. రంగే తేడా: పాతది తుప్పు కలిసిన నలుపు, ఇది తళతళలాడే పూత. ఒక పక్క మెరుస్తూ ఒక పక్క నల్లగా ఉంటే బండి వికారంగా ఉంటుందని నేను, అదే బాగుంటుందని నా కొడుకు. నాన్న కుర్చీలోంచి లేవలేరు గానీ వింటూనే ఉన్నారు. రంగు గొడవ ఆయనకు పట్టలేదు. పాత క్రాంక్ ఎక్కడ పెట్టారని అడిగారు. పారేయవద్దట, బెజ్జం పూడ్పించి మళ్లీ తొలిపించవచ్చట. సామాన్ల డబ్బాలో వేశాం. ఆదివారం కొత్తది బిగించాలి, గొట్టం పట్టుకోవడం ఈసారి వాడి పని.